వకీలు బూర్గుల కనిపించారు, గవర్నరు బూర్గుల కనిపించలేదు: హైదరాబాద్‌లో ఒక వారసత్వ నడకపై సమీక్ష

చార్మినార్, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధుల చుట్టూ తిప్పే వారసత్వ నడకలు హైదరాబాద్‌లో చాలానే ఉన్నాయి గానీ, ఒక మనిషి జీవితాన్ని, అందులోనూ ఒక వకీలు జీవితాన్ని పట్టుకుని వీధి వెంట వీధి నడిపించే కార్యక్రమాలు అరుదు. హైదరాబాద్ రాష్ట్రానికి ప్రజలెన్నుకున్న ఏకైక ముఖ్యమంత్రిగా, ఆ తరువాత కేరళ, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాల గవర్నరుగా పనిచేసిన బూర్గుల రామకృష్ణారావు గారి కథను ఒక చిన్న స్వచ్ఛంద బృందం ఆదివారం ఉదయాల్లో ఇలా చెబుతోంది. కోఠి నుంచి మూసీ దాటి హైకోర్టు వరకూ నడక, అక్కడి నుంచి వ్యానులో శాసనసభ మీదుగా బూర్గుల రామకృష్ణారావు భవన్ వరకూ ప్రయాణం. తలకు 500 రూపాయలు తీసుకుంటారు, ఏడింటికి మొదలుపెట్టి పదిన్నరకు ముగిస్తారు, పదిహేను మందికి మించి చేర్చుకోరు. ఇచ్చిన డబ్బుకు న్యాయం జరిగిందా అంటే నిస్సందేహంగా జరిగింది. అయితే ఆయన జీవితంలో సగమే నాకు అందింది. అందని ఆ సగం ఎందుకు ముఖ్యమో చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు.

నడక వివేకవర్ధిని ప్రాంగణం దగ్గర మొదలవుతుంది. పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, చదువు అనే మామూలు వరసను పక్కనపెట్టి, 1921 నవంబరులో ఇక్కడ జరిగిన సంఘ సంస్కార సభతో కథ ఎత్తుకోవడం మంచి ఆలోచన. మహర్షి కార్వే అధ్యక్షత వహించిన ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడడానికి లేస్తే, సభలో కొందరు గేలి చేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. మనసు నొచ్చుకున్న తెలుగువాళ్లు ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కూడి ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. మాడపాటి హనుమంతరావు, మందుముల నర్సింగరావు, ఆదిరాజు వీరభద్రరావులతో పాటు ఆ స్థాపకుల్లో బూర్గుల ఒకరు. వారిలో పలువురు వకీళ్లు కావడం యాదృచ్ఛికం కాదని మా మార్గదర్శి వివరించిన తీరు నాకు చాలా నచ్చింది. సభ జరపాలన్నా సర్కారు అనుమతి కావాల్సిన రోజులవి. దరఖాస్తు ఎలా రాయాలో, ఏ అధికారి ముందు ఎంతవరకు మాట్లాడవచ్చో, గీత ఎక్కడ దాటకూడదో తెలిసినవాళ్లు వకీళ్లే. నిజాం రాజ్యంలో తెలుగువారి బహిరంగ జీవితం కోర్టు మెట్ల మీది నుంచి మొదలైందన్న ఆ మాట ఉదయమంతా నాతో ఉండిపోయింది.

అక్కడి నుంచి సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయానికి వెళ్లాం. 1901లో స్థాపించిన ఈ గ్రంథాలయం ముందు నిలబడి ఆయన బాల్యం, చదువు చెప్పారు. 1899లో కల్వకుర్తి ప్రాంతంలోని పడకల్‌లో పుట్టుక, షాద్‌నగర్ దగ్గరి బూర్గుల గ్రామం పేరే ఇంటిపేరుగా స్థిరపడడం, పుణేలో ఫెర్గూసన్ కళాశాల, బొంబాయి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం. ఈ భాగం కొంత పొడిగా సాగింది. తెలుగు, ఉర్దూ, పారసీ, సంస్కృతం, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు అని ఆయనకు వచ్చిన భాషలను ఏకరువు పెట్టారే తప్ప, ఆ భాషలు ఆయన వృత్తికి ఏ విధంగా పనికొచ్చాయో చెప్పలేదు. పారసీ సాహిత్యంలో లోతుగా మునిగి, శంకరాచార్యుల స్తోత్రాలను తెలుగులోకి తెచ్చిన మనిషి గురించి గ్రంథాలయం ముందు నిలబడి ఇంతకంటే ఎక్కువే చెప్పవచ్చు.

ఆ లోటు హైకోర్టు దగ్గర తీరింది. అఫ్జల్‌గంజ్ రద్దీని దాటి, నయాపుల్ మీదుగా మూసీ అవతలి ఒడ్డుకు చేరేసరికి ఎర్రరాతి గోడలు, గుమ్మటాలు ఎండలో మెరుస్తున్నాయి. 1920లో ప్రారంభమైన ఈ భవనంలోకి, కొత్తగా, బూర్గుల వంటి యువ వకీళ్లు అడుగుపెట్టారు. భద్రతా కారణాల వల్ల మమ్మల్ని లోపలికి వెళ్లనివ్వలేదు. మార్గదర్శి తన సంచిలోంచి ఉర్దూలో ఉన్న పాత వకాలత్‌నామా, అంటే కక్షిదారు తన తరఫున వాదించడానికి వకీలుకు రాసిచ్చే పత్రం, నకలు తీసి అందరి చేతికీ ఇచ్చారు. పైన నిజాం సర్కారు ముద్ర, దాని కింద కక్షిదారు పేరు, అతడి బొటనవేలి గుర్తు, పక్కన పొందికైన ఉర్దూ రాతలో వకీలు సంతకం. కక్షిదారుది తెలుగు పేరు, కాగితం మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. పాలమూరు రైతు తన పొలం గురించి తెలుగులో చెప్పుకున్నది వకీలు నోట ఉర్దూగా మారి న్యాయమూర్తి చెవిన పడేది. బూర్గుల గారికి అన్ని భాషలు ఎందుకు అవసరమయ్యాయో ఆ కాగితం ఒక్కటే చెప్పింది. దాన్ని గ్రంథాలయం దగ్గరే చూపించి ఉంటే భాషల ప్రస్తావన అంత పేలవంగా ఉండేది కాదు.

పి.వి. నరసింహారావు గారు నాగపూర్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చాక బూర్గుల దగ్గరే జూనియర్‌గా పనిచేశారన్న సంగతి చెప్పగానే, మాతో వచ్చిన న్యాయ కళాశాల విద్యార్థులు ఫోన్లు పక్కనపెట్టి వినడం మొదలుపెట్టారు. 1931లో దేవరకొండలో జరిగిన రెండో ఆంధ్ర మహాసభకు అధ్యక్షత, 1942 క్విట్ ఇండియా కాలంలో జైలు, 1948 పోలీసు చర్య, 1950లో కేంద్రం నియమించిన ముఖ్యమంత్రి వెల్లోడి మంత్రివర్గంలో రెవెన్యూ శాఖ ఇక్కడే త్వరత్వరగా చెప్పేశారు. వకాలతు నుంచి పాలనకు సాగిన దారి అది కనుక ఆ వేగం నాకు ఇబ్బంది అనిపించలేదు.

హైకోర్టు పక్కనే ఉన్న సిటీ కాలేజీ దగ్గర ఆగడం ఈ నడకలో నేను అన్నిటికంటే మెచ్చుకునే విషయం. 1952 సెప్టెంబరులో, బూర్గుల ముఖ్యమంత్రి అయిన ఆరు నెలలకే, స్థానికేతరుల నియామకాలకు వ్యతిరేకంగా ముల్కీ ఉద్యమం రేగింది. ఈ ప్రాంతంలోనే పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఒకరి పేరు మీద నడక నిర్వహించేవాళ్లు ఆయన పాలనలో జరిగిన ఈ ఘటనను దాటవేయవచ్చు. వీళ్లు దాటవేయలేదు. కాల్పులపై న్యాయమూర్తి పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపిన సంగతి చెప్పి, ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్న వకీలు విచారణ ద్వారా సమాధానం వెతికాడని, చనిపోయినవారి కుటుంబాలకు అది చాలలేదని, రెండు మాటలూ సమానంగా చెప్పారు. మహనీయుల గురించి మనవాళ్లు చెప్పే కథల్లో ఇంత నిజాయితీ అరుదు.

శాసనసభ భవనం ముందు మాత్రం ఒక పొరపాటు దొర్లింది. రక్షిత కౌలుదారుల చట్టాన్ని బూర్గుల ముఖ్యమంత్రిగా 1950లో తెచ్చారని చెప్పారు. హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం అమల్లోకి వచ్చింది 1950 జూన్‌లో, వెల్లోడి ప్రభుత్వ కాలంలో. బూర్గుల ఆ ఏడాదే రెవెన్యూ మంత్రిగా దాని అమలు బాధ్యత స్వీకరించారు. కౌలుదారును భూమికి యజమానిగా చేసే 38-ఇ సెక్షన్ 1954 సవరణతో ఆ చట్టంలో చేరింది, అప్పుడు ఆయన ముఖ్యమంత్రి. ఈ తేడా తేదీల సంగతి మాత్రమే కాదు. 1950 చట్టం కౌలుదారును పొలం నుంచి వెళ్లగొట్టకుండా కాపాడింది. 1954 సవరణ ఆ పొలాన్ని అతడిదిగా చేసే దారి తెరిచింది. ఆ దారిలో చివరిదాకా నడవడానికి చాలా జిల్లాల్లో 1973 వరకు ఆగాల్సి వచ్చిందన్నది వేరే కథ.

ఆ చట్టం ఇంకా బతికే ఉందని మాలో ఒకాయన వల్ల తెలిసింది. షాద్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఆ పెద్దాయన చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని మడతలు పడ్డ జిరాక్స్ కాగితాన్ని మార్గదర్శికి చూపించారు. "అమ్మా, మా తాతది పీటీ భూమి. ముప్పై ఎనిమిది ఈ సర్టిఫికెట్ గిదే. ఈ సారు తెచ్చిన చట్టంతోనే వచ్చిందా ఇది?" అని అడిగారు. పీటీ అంటే ప్రొటెక్టెడ్ టెనెంట్, రక్షిత కౌలుదారు. ఆమె కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, కౌలుదారు పేరు అందరికీ వినిపించేలా చదివి, "అవును పెద్దనాన్నా, ఇదే" అన్నారు. రంగారెడ్డి జిల్లాలో భూతగాదా ఉన్న ఏ ఇంట్లోనైనా పీటీ, 38-ఇ అనే మాటలు ఈనాటికీ వినిపిస్తాయి. ఆ రెండు నిమిషాలకే 500 రూపాయలూ చెల్లిపోయాయని నాకు అనిపించింది.

1956 విలీన ఘట్టాన్ని సంయమనంతో చెప్పారు. రాష్ట్రాల పునర్విభజనపై వేసిన ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను అప్పటికి విడిగా ఉంచమనడం, బూర్గుల మనసులో నలిగిన సందేహాలు, 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావులతో పాటు ఆయన చేసిన సంతకం, నవంబరు 1న కొత్త రాష్ట్రం ఏర్పడి నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి కావడం. ఎవరి పక్షమూ వహించకుండా ఇదంతా చెప్పడం ఈ నగరంలో తేలిక కాదు.

ఆ తరువాత వ్యాను బూర్గుల రామకృష్ణారావు భవన్ ముందు ఆగింది. 2019 నుంచి 2023లో కొత్త సచివాలయం తెరిచేదాకా తెలంగాణ ప్రభుత్వం ఈ భవనం నుంచే నడిచింది కాబట్టి పేరు అందరికీ తెలుసు. ఇక్కడే నడక ముగుస్తుంది. "తరువాత ఆయన కేరళకు, ఉత్తరప్రదేశ్‌కు గవర్నరుగా వెళ్లారు, 1967లో కన్నుమూశారు" అని ఒక్క వాక్యంలో పదకొండేళ్లు పూర్తిచేసి, 2000లో తపాలా శాఖ ఆయన మీద విడుదల చేసిన స్టాంపు రంగుల నకలును తలా ఒకటి ఇచ్చి వీడ్కోలు చెప్పారు.

నా అసంతృప్తి అంతా ఈ ఒక్క వాక్యం గురించే. గవర్నరు పదవిని రాజకీయాల నుంచి తప్పుకున్నవారికి ఇచ్చే విశ్రాంతి మందిరంగా చూసే అలవాటు మనకు ఉంది, మార్గదర్శి కూడా అలాగే చూశారు. బూర్గుల విషయంలో అది నిజం కాదు. 1956 నవంబరు 22న ఆయన కేరళ గవర్నరు అయ్యారు. 1957 ఎన్నికల్లో 126 స్థానాల్లో 60 గెలిచిన కమ్యూనిస్టు పార్టీ స్వతంత్రుల మద్దతుతో మెజారిటీ కూడగట్టుకుంది. ఏప్రిల్ 5న ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించింది మన షాద్‌నగర్ వకీలే. అంతకు ఏడాది కిందటి వరకు హైదరాబాద్ శాసనసభలో వి.డి. దేశ్‌పాండే నాయకత్వంలోని పీడీఎఫ్ సభ్యులు, అంటే కమ్యూనిస్టులే, ఆయన ప్రభుత్వాన్ని నిత్యం నిలదీసేవారు. ఇప్పుడు ఆయన సంతకం లేనిదే కమ్యూనిస్టు మంత్రివర్గం ఒక ఆర్డినెన్సు తేలేదు. ప్రమాణం చేసిన వారం తిరక్కముందే, ఏప్రిల్ 11న, కౌలుదారులను పొలాల నుంచి వెళ్లగొట్టడాన్ని ఆపుతూ ఆర్డినెన్సు వచ్చింది. రాజ్యాంగం ప్రకారం ఆర్డినెన్సు గవర్నరు పేరుమీదే వస్తుంది. హైదరాబాద్‌లో రక్షిత కౌలుదారుల చట్టాన్ని అమలు చేసిన మనిషి తిరువనంతపురంలో ఆ కాగితం చదివినప్పుడు అందులో ఆయనకు తెలియని సమస్య ఒక్కటీ ఉండి ఉండదు. శాసనసభ ముందు 38-ఇ గురించి అంతసేపు మాట్లాడినవాళ్లు ఈ రెండింటినీ కలిపి చెప్పకపోవడం పెద్ద లోటు.

విద్యా బిల్లు ఉదంతంలో వకీలు బూర్గుల ఇంకా స్పష్టంగా కనిపిస్తారు. ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలను కట్టడి చేసే ఆ బిల్లును కేరళ శాసనసభ 1957 సెప్టెంబరులో ఆమోదించింది. క్రైస్తవ సంస్థలు, నాయర్ సర్వీస్ సొసైటీ తీవ్రంగా వ్యతిరేకించాయి. గవర్నరు దాన్ని తానుగా ఆమోదించలేదు, తిరస్కరించనూ లేదు, రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. రాష్ట్రపతి సుప్రీంకోర్టు సలహా కోరారు. ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ నేతృత్వంలోని ధర్మాసనం 1958 మే 22న ఇచ్చిన అభిప్రాయంలో, కొన్ని అంశాలు మైనారిటీలకు సొంత విద్యాసంస్థలు నడుపుకునే హక్కుకు విరుద్ధమని చెప్పింది. శాసనసభ బిల్లును సవరించి మళ్లీ ఆమోదించాక 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఆమోదం లభించింది. మైనారిటీ విద్యాసంస్థల మీద మన దేశంలో ఎక్కడ వివాదం వచ్చినా ఆ 1958 అభిప్రాయాన్ని ఈనాటికీ ఉటంకిస్తారు. సందేహం ఉన్నచోట తీర్పు తానే చెప్పకుండా పై న్యాయస్థానం దాకా తీసుకెళ్లడం మంచి వకీలు పద్ధతి, గవర్నరుగా బూర్గుల చేసిన మేలైన పని ఇదేనని నా అభిప్రాయం.

1959 నాటి సంగతి వేరు. నాయర్ సర్వీస్ సొసైటీ నాయకుడు మన్నత్తు పద్మనాభన్ నాయకత్వంలో, కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని దించాలన్న విమోచన సమరం ఉధృతమైంది, జూన్‌లో అంగమాలిలో పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. భూసంబంధాల బిల్లును శాసనసభ అదే నెలలో ఆమోదించింది. ఆ బిల్లు చట్టం కాకముందే, గవర్నరు పంపిన నివేదిక ఆధారంగా జూలై 31న రాష్ట్రపతి 356వ అధికరణం కింద ప్రభుత్వాన్ని రద్దు చేశారు. ఆ మంత్రివర్గం శాసనసభలో మెజారిటీ కోల్పోలేదు. బలాబలాలు తేల్చాల్సింది శాసనసభలోనే తప్ప రాజ్‌భవన్‌లో కాదని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రంతో చూస్తే ఆ నివేదిక నిలవదు. వీధుల్లో శాంతిభద్రతలు కుప్పకూలాయన్న వాదనకు అప్పట్లో బలం ఉందని నేను కాదనను. అయినా, విద్యా బిల్లు విషయంలో అంత ఓపికగా న్యాయమార్గం పట్టిన మనిషి ఏడాది తిరిగేసరికి ఢిల్లీ కోరుకున్న నివేదికకు తన పేరు ఇవ్వడం నన్ను బాధపెడుతుంది. ముల్కీ కాల్పుల గురించి అంత నిజాయితీగా మాట్లాడిన నిర్వాహకులు దీని గురించి కూడా అంతే నిజాయితీగా మాట్లాడగలరు. ప్రయత్నించకపోవడమే నా ఫిర్యాదు.

1960 మధ్యంతర ఎన్నికల తరువాత పట్టం థాను పిళ్లై చేత ప్రమాణం చేయించిందీ బూర్గులే. ఆ పిళ్లై గారూ వకీలే, నాలుగేళ్లకు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా హైదరాబాద్ రాజ్‌భవన్‌కు వచ్చారు. 1960 జూలై 1న బూర్గుల లక్నోకు బదిలీ అయితే, లక్నో నుంచి తిరువనంతపురానికి వెళ్లింది వి.వి. గిరి. ఇద్దరూ తెలుగువారు, ఇద్దరూ న్యాయవాదులు, ఒకరి కుర్చీ ఒకరికి. ఉత్తరప్రదేశ్‌లో రెండేళ్లు నిండకుండానే 1962 ఏప్రిల్‌లో పదవి వదిలి రాజ్యసభకు వెళ్లి, 1966 దాకా అక్కడ ఉన్నారు. లక్నో కాలంలో కేరళ వంటి పరీక్షలు ఎదురుకాలేదు కనుక దానికి రెండు నిమిషాలు చాలు.

ఇక ఏర్పాట్ల సంగతి. వ్యాను శుభ్రంగా ఉంది, మంచినీళ్లు ఇచ్చారు. మార్గదర్శికి మెడలో వేసుకునే చిన్న మైకు లేకపోవడంతో అఫ్జల్‌గంజ్ హారన్ల మధ్య వెనుక నడిచినవాళ్లకు సగం మాటలు వినపడలేదు. నయాపుల్ దాటే దాకా నీడ ఉండదు కాబట్టి వేసవిలో పెద్దవాళ్లు టోపీ తప్పక తెచ్చుకోవాలి. మరుగుదొడ్డి సౌకర్యం వ్యాను ఎక్కేదాకా లేదు, ఈ విషయం పేరు నమోదు చేసుకునేటప్పుడే చెబితే మంచిది. పదహారు పేజీల చిన్న పుస్తకం ఉచితంగా ఇస్తారు, అందులో దారి పటం చక్కగా ఉంది గానీ చివరి పేజీ 1956 దగ్గర ఆగిపోయింది.

నిర్వాహకులకు నా సూచన ఒకటే. గ్రంథాలయం దగ్గరి ఇరవై నిమిషాలను పదికి తగ్గించి, బూర్గుల భవన్ ముందు అరగంట కేటాయించండి. వకాలత్‌నామా చూపించినట్టే అక్కడ 1957 ఆర్డినెన్సు నకలు, 1958 సుప్రీంకోర్టు అభిప్రాయంలో ఒక పేజీ, 1959 జూలై 31 నాటి రాష్ట్రపతి ప్రకటన చేతికివ్వండి. మూడూ బహిరంగ పత్రాలే. న్యాయశాస్త్రం చదివే పిల్లలు, పాత భూమి కాగితాలు ఇంట్లో ఉన్నవాళ్లు ఈ నడకకు ఇప్పుడున్న రూపంలోనే తప్పక వెళ్లాలి, కాగితాలు ఉంటే జిరాక్స్ వెంట తీసుకెళ్లండి. గవర్నర్ల అధికారాల గురించి తెలుసుకుందామని వెళ్లేవాళ్లు మాత్రం, చివరి మజిలీని పెంచేదాకా ఆగడం మంచిది.